మధ్యలో మూడు మిల్లీమీటర్లు

2014 నవంబర్ 25. మెల్‌బోర్న్. అర్ధరాత్రి దాటి రెండు గంటలైంది.

డాక్‌లాండ్స్ ప్రాంతంలో లక్రాస్ అనే అపార్ట్‌మెంట్. ఇరవై ఒక్క అంతస్తులు. కట్టి రెండేళ్లే అయింది. ఎనిమిదో అంతస్తులో ఒక బాల్కనీ. అక్కడో చెక్క బల్ల. బల్ల మీద, తిండి పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా. డబ్బాలో సిగరెట్ పీక.

కాల్చినవాడు లోపలికెళ్లిపోయాడు. పీక మాత్రం ఆరలేదు.

ప్లాస్టిక్ ముందు మెత్తబడింది. తర్వాత ముడుచుకుంది. ఆ తర్వాత అంటుకుంది. మంట బల్లని పట్టింది. బల్ల దగ్గర్లోనే ఏసీ యూనిట్. ఆ పక్కనే గోడ. నున్నటి అల్యూమినియం గోడ. రేకు ఎక్కడైనా అంటుకుంటుందా? గట్టిగా అంటే మసి పట్టాలి, కాస్త వంకర పోవాలి. మంట అక్కడితో చావాలి.

చావలేదు. గోడెక్కింది.

2.24కి అటూ ఇటూగా ఫ్లాట్లో పొగ అలారం మోగింది. ఆ బిల్డింగులో చాలా ఫ్లాట్లు కిక్కిరిసి ఉన్నాయి. పట్టాల్సినవాళ్లకన్నా ఎక్కువమంది సర్దుకుని ఉంటున్నారని తర్వాత అగ్నిమాపక శాఖే రాసింది. మాస్టర్స్‌కి ఆ ఊరెళ్లిన మన పిల్లలకి తెలిసిన బతుకే అది. హాల్లో ఒక పరుపు, కిటికీ పక్కన ఇంకొకటి, బట్టలూ సూట్‌కేసులూ బాల్కనీలోకి. ఆ రాత్రి అన్ని పరుపుల మీదా నిద్రే.

2.29. మొదటి ఫైరింజన్ వచ్చి ఆగింది. సిబ్బంది దిగి తలెత్తి చూశారు. మంట మొదలైంది ఎనిమిదో అంతస్తులో. వాళ్లు చూస్తున్నది పద్నాలుగో అంతస్తుని.

ఐదు నిమిషాలు. ఆరు అంతస్తులు. ఇంకా ఎక్కుతూనే ఉంది.

పైన అలారాలు గుయ్యిమంటున్నాయి, తలుపులు దబదబా కొట్టుకుంటున్నాయి, చెప్పుల్లేని కాళ్లు మెట్ల మీదకి పరుగెత్తుతున్నాయి, ఎవరో పాస్‌పోర్టు కోసం వెనక్కి తిరగబోతే ఇంకెవరో చెయ్యి పట్టి లాగుతున్నారు, కిందనుంచి చూసేవాళ్లకి మాత్రం బిల్డింగు ఒక అంచున నిలువునా ఎర్రటి గీత గీసినట్టు బాల్కనీ తర్వాత బాల్కనీ వెలుగుతూ పోతోంది, కరిగిన ముద్దలు మండుతూనే కింది బాల్కనీల మీద పడుతున్నాయి, పడ్డచోట కొత్త మంట లేస్తోంది.

2.35. మంట ఇరవై ఒకటో అంతస్తు దాటి పైకప్పుని అందుకుంది.

అలారం మోగినప్పటి నుంచి కప్పుదాకా పట్టుమని పన్నెండు నిమిషాలు కూడా పట్టలేదు. లోపల ఉన్నవాళ్లు నాలుగు వందల మందికి పైనే.

* * *

ఆ గోడలో ఏముంది?

మనకి తెలియని సరుకేం కాదు. హైదరాబాద్‌లో ఏ రోడ్డు మీద నిలబడ్డా కనిపిస్తుంది. కార్పొరేట్ ఆస్పత్రి ముందు భాగం, బంగారం షోరూం, కోచింగ్ సెంటర్, ఫంక్షన్ హాల్, పెట్రోలు బంకు కప్పు. ఏసీపీ షీటు. అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్. మేస్త్రీలు దాన్ని ఎలివేషన్ షీటంటారు. మొత్తం మందం 4 మిల్లీమీటర్లు. పైన అర మిల్లీమీటరు అల్యూమినియం, కింద అర మిల్లీమీటరు అల్యూమినియం. మధ్యలో మూడు మిల్లీమీటర్ల కోర్. బొబ్బట్టుకి పూర్ణం ఎలాగో దీనికి అది అలాగ. బయటికి కనపడేది రేకు. లోపల మందమూ బిగువూ ఇచ్చేది ఆ కోర్.

చవక రకం షీట్లలో ఆ కోర్ పాలిథీన్. మన చేతిసంచుల్లో ఉండేదే. కిలో పాలిథీన్ పూర్తిగా కాలితే వచ్చే వేడి, కిలో పెట్రోలు కాలితే వచ్చే వేడికి ఇంచుమించు సమానం. నూట పది, నూట ముప్ఫై డిగ్రీల దగ్గరే అది మెత్తబడిపోతుంది. అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీలు కావాలి. అంటే రేకు ఇంకా నిలబడి ఉండగానే లోపలి ప్లాస్టిక్ జావై కారడం మొదలెడుతుంది. కోసిన అంచుల్లోంచి, మడతల్లోంచి, స్క్రూ బెజ్జాల్లోంచి. కారినది మండుతుంది. రేకులు ఊడి వేలాడతాయి. అప్పుడిక లోపలి సరుకంతా మంటకి ఎదురుగా నిలబడినట్టే.

ఇంకోటుంది. షీటుని గోడకి నేరుగా అంటించరు. ఫ్రేమ్ కొట్టి, కాస్త ఖాళీ వదిలి, దాని మీద బిగిస్తారు. వాననీరు జారడానికి ఆ ఖాళీ కావాలి. మంట అందులో దూరితే మాత్రం అది పొగగొట్టమే. వేడి పైకి గుంజుతుంది, కింద నుంచి గాలి లాక్కుంటుంది. మంట నాలుక బయటికన్నా లోపలే పొడుగ్గా సాగుతుంది. అంతస్తు అంతస్తుకీ ఆ ఖాళీని రాతి ఉన్నితోనో, వేడికి ఉబ్బే పట్టీతోనో మూసేయాలి. కిటికీ చుట్టూ మూసేయాలి. మూసిన చోట మంట ఆగుతుంది. మూయని చోట ఆగదు.

ఇదే కుటుంబంలో ఇంకో తమ్ముడున్నాడు. కోల్డ్ స్టోరేజీలకి వాడే పఫ్ ప్యానెల్. రెండు రేకుల మధ్య నాలుగైదు అంగుళాల నురగ. చలి నిలవడానికి బ్రహ్మాండం. దక్షిణ కొరియాలోని ఇచాన్ పట్నంలో 2008 జనవరిలో ఒక శీతల గిడ్డంగి అంటుకుని 40 మంది కూలీలు పోయారు. పన్నెండేళ్ల తర్వాత, 2020 ఏప్రిల్ 29న, అదే ఇచాన్‌లో కడుతున్న మరో గిడ్డంగిలో వెల్డింగు నిప్పు నురగని పట్టింది. 38 మంది పోయారు. ఒకటే ఊరు. ఒకటే నురగ. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల గిడ్డంగుల్లో కూలికెళ్లేవాళ్లున్న ఇళ్లు ఈ రెండు అంకెల్నీ గుర్తుపెట్టుకోవాలి.

మెల్‌బోర్న్‌లో ఆ రాత్రి ఇంకా తెల్లారలేదు.

* * *

బాల్కనీల అద్దాలు ఒక్కొక్కటే పగిలాయి. మంట గదుల్లోకి తల పెట్టింది.

తల పెట్టిన ప్రతిచోటా నీళ్లు పడ్డాయి.

గదుల కప్పుల్లో స్ప్రింక్లర్లున్నాయి. చిన్న గాజుబుడ్డి వేడికి టప్పున పగిలితే నీళ్లు చిమ్మే మూతులు. మామూలుగా అలాంటి ఏర్పాటు ఒక అంతస్తులో ఓ మంటని ఊహించుకుని చేస్తారు. అన్ని అంతస్తుల్లో ఒక్కసారే మంట దూరుతుందని ఎవరూ లెక్క కట్టరు. ఆ రాత్రి ఆ గొట్టాలు తమ సత్తువకి మించి పనిచేశాయి. నీళ్లు ఆగలేదు. మంట బాల్కనీ గడప దాటి ఇంట్లో పూర్తిగా కాలు పెట్టలేకపోయింది.

నాలుగు వందల మందికి పైగా జనం మెట్లు దిగారు. తడిసిన బట్టల్లో, దుప్పట్లు కప్పుకుని పక్కనే ఉన్న స్టేడియానికి నడిచారు. అక్కడ కూర్చోబెట్టి లెక్కపెట్టారు.

ఒక్కరూ చనిపోలేదు.

పేపర్లలో రెండ్రోజులు వచ్చింది. తర్వాత మాయమైంది. ప్రాణం పోని ప్రమాదాన్ని లోకం తొందరగా మర్చిపోతుంది. అగ్నిమాపక శాఖ మాత్రం మర్చిపోలేదు. గోడ మీది షీటు ముక్కల్ని కోసి పరీక్షకి పంపింది. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ ల్యాబుకి.

ల్యాబులో చిన్న కొలిమి. లోపల 750 డిగ్రీలు. ముక్కల్ని అందులోకి దించి, అరగంట పాటు ఏమవుతుందో చూడడం పద్ధతి. మండని సరుకైతే ఏమీ అవదు. వేడెక్కి ఊరుకుంటుంది.

దించారు. గడియారం నొక్కారు. పొగ. వెంటనే మంట. కొలిమి మూతి దాటి పైకి లేచే మంట. పరికరమే పాడయ్యేలా ఉంది. పరీక్ష ఆపేశారు.

అరగంట నడవాల్సిన పరీక్ష 93 సెకన్లలో ముగిసింది.

* * *

మెల్‌బోర్న్ నివేదిక 2015లో బయటికొచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, అక్కడికి పదిహేడు వేల కిలోమీటర్ల దూరంలో, లండన్‌లో ఇరవై నాలుగు అంతస్తుల పాత బిల్డింగుకి కొత్త చొక్కా తొడుగుతున్నారు.

గ్రెన్‌ఫెల్ టవర్. 1974 నాటి కాంక్రీటు కట్టడం. కార్పొరేషన్ ఇళ్లు. ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చి కష్టం చేసుకుని బతికే కుటుంబాలు. గోడలకి చలి ఆగడం లేదు, చూపుకీ బాలేదు. అందుకని మరమ్మతు. మొదట జింకు షీట్లనుకున్నారు. ఖర్చు తగ్గించమన్నారు. జింకు తీసేసి పాలిథీన్ కోర్ ఉన్న అల్యూమినియం షీట్లకి మారారు. మిగిలింది 2,93,368 పౌండ్లు. అప్పటి మారకంలో సుమారు మూడు కోట్ల రూపాయలు.

ఇంతకన్నా గుండె పిండే సంగతి ఇంకోటుంది. ఈ రకం షీటు ఎలా మండుతుందో బ్రిటన్ ప్రభుత్వానికి పద్నాలుగేళ్ల ముందే తెలుసు. 2001లో ప్రభుత్వమే డబ్బిచ్చి పరీక్ష చేయించింది. ఎత్తయిన గోడ కట్టి, షీట్లు తొడిగి, కింద మంట పెట్టారు. ఐదు నిమిషాల్లో జ్వాల 20 మీటర్ల ఎత్తుకి ఎగసింది. ఆ నివేదిక అచ్చవలేదు. బీరువాలోకి పోయింది.

2016లో గ్రెన్‌ఫెల్ పని పూర్తయింది. బిల్డింగు కొత్త పెళ్లికూతురిలా మెరిసింది. షీట్ల వెనక చలి ఆపడానికి నురగ పలకలు. అవీ మండేవే. కిటికీల చుట్టూ ప్లాస్టిక్ పట్టీలు. మెట్లదారి మొత్తానికి ఒక్కటే. స్ప్రింక్లర్లు లేవు. బిల్డింగంతా ఒక్కసారి మోగే అలారం లేదు.

ఏడాది గడిచింది.

* * *

2017 జూన్ 14. ఉక్క రాత్రి. కిటికీలు తెరిచే ఉన్నాయి. రంజాన్ మాసం. కొన్ని ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయి, సహరీ కోసం మేలుకున్నవాళ్లున్నారు.

నాలుగో అంతస్తు, పదహారో నంబరు ఫ్లాట్. వంటగదిలో ఫ్రిజ్ దగ్గర పొగ. 12.54కి ఫైర్‌స్టేషన్‌కి ఫోను వెళ్లింది. ఐదు నిమిషాల్లో బండ్లు వచ్చేశాయి. సిబ్బంది గొట్టాలు బిగించుకుని పైకెక్కారు. ఒక వంటగది, ఒక ఫ్రిజ్. రోజూ చేసే పనే.

వాళ్లు వంటగది తలుపు తీసేలోపే మంట వేరే దారి వెతుక్కుంది. కిటికీ పక్కన ప్లాస్టిక్ పట్టీ వేడికి వంగిపోయింది. ఆ సందులోంచి 1.09కి గోడ బయటి పొరలోకి దూరింది. ఆ తర్వాతే లోపల ఫ్రిజ్ మంట మీద నీళ్లు పడ్డాయి, అది అణిగింది. పని అయిపోయిందనే అనిపించాలి.

బయట నిలబడ్డవాళ్లు అప్పటికే అరుస్తున్నారు.

మెల్‌బోర్న్‌లో చూసిందే మళ్లీ. నిలువునా ఒక గీత. మండుతూ జారే బొట్లు. ఊడి గాల్లో తేలే రేకు ముక్కలు. 1.27కల్లా తూర్పు వైపు మంట చివరి అంతస్తు అందుకుంది. మెల్‌బోర్న్‌లో మంట అక్కడితో ఆగింది. ఇక్కడ అలా జరగలేదు. బిల్డింగు నెత్తిన అలంకారానికని చుట్టూ కట్టిన కిరీటం లాంటి అంచు ఉంది. అది కూడా అవే షీట్లు. మంట ఆ కిరీటం పట్టుకుని అడ్డంగా పాకింది. పక్క గోడకి. ఆ పక్క గోడకి. పై నుంచి కిందికి.

ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. లోపలున్నవాళ్లకి చెప్పిన మాట ఒకటే: ఇంట్లోనే ఉండండి. కాంక్రీటు బిల్డింగుల్లో అది దశాబ్దాల పాత సూత్రం. మంట ఒక ఫ్లాటు దాటి రాదు, మెట్ల మీద తొక్కిసలాట కన్నా తలుపేసుకుని కూర్చోవడం మేలు. గోడ మండనంత కాలం ఆ మాట నిజం. ఆ రాత్రి గోడే మండుతోంది.

కొందరు మాట వినలేదు. దిగిపోయారు. పక్కింటి తలుపులు బాది, ముసలివాళ్లని లేపి, పిల్లల్ని భుజాన వేసుకుని దిగారు. మరికొందరు తడిగుడ్డలు తలుపు సందుల్లో కుక్కి ఎదురుచూశారు. మెట్లదారి నల్లటి పొగతో నిండిపోతోంది. ఫైర్‌మెన్ గోడ తడుముకుంటూ ఎక్కుతున్నారు, ఏ అంతస్తులో ఉన్నారో వాళ్లకే తెలియడం లేదు. ఒకటిన్నర దాటింది. రెండు దాటింది. రెండున్నర.

'దిగి వచ్చేయండి' అని మాట మార్చేసరికి 2.47 అయింది.

మంట గోడెక్కి అప్పటికి గంటన్నర దాటింది.

మొత్తం 72 మంది పోయారు.

* * *

ఆ వేసవిలోనే పరీక్షలు పెట్టారు. ఈసారి దాచలేదు.

వాట్‌ఫర్డ్‌లో ఇంగ్లండ్ భవన పరిశోధన సంస్థ షెడ్డు. తొమ్మిది మీటర్ల గోడ. నిజం బిల్డింగుకి బిగించినట్టే షీట్లు, వెనక పలకలు, మధ్యలో అడ్డుకట్టలు. అడుగున కర్రల పేర్పు, కిటికీలోంచి ఎగదన్నే మంటలాగ. మొదటి గోడకి గ్రెన్‌ఫెల్ జత: పాలిథీన్ షీటు, నురగ పలక. అగ్గిపెట్టారు. 8 నిమిషాల 45 సెకన్లకి ఆపేయాల్సి వచ్చింది. జ్వాల గోడ నెత్తి దాటేసింది.

రెండో గోడ. ఈసారి వెనక నురగ తీసేసి రాతి ఉన్ని పెట్టారు. అది మండదు. కాబట్టి నయం కావాలి.

7 నిమిషాల 9 సెకన్లు. ఇంకా ముందే పోయింది.

ఆ షెడ్డులో ఆ క్షణం తేలిపోయింది. తప్పు వెనక పలకది మాత్రమే అయ్యుంటే రెండో గోడ నిలబడాలి. పడింది. అసలు ఆజ్యం ఆ మూడు మిల్లీమీటర్లది.

ఆ తర్వాత ఎఫ్ఆర్ షీట్లు తెచ్చారు. ఎఫ్ఆర్ అంటే మంటని నిదానింపజేసే రకం. పాలిథీన్ తగ్గించి ఖనిజం పొడి కలుపుతారు. వేడి తగిలితే ఆ పొడిలోంచి నీరు ఆవిరై వస్తుంది, మంటని చల్లారుస్తుంది. నురగ పలకతో పెడితే ఎఫ్ఆర్ గోడ కూడా ఫెయిలైంది. ఇంకో రకం నురగతో పెట్టినా ఫెయిలే. రాతి ఉన్నితో పెడితేనే పాసైంది. మన దగ్గర ఎఫ్ఆర్ అన్న రెండక్షరాలు చెప్పి షీటు అమ్మేస్తారు. వెనక ఏముందో చెప్పకుండా ఆ రెండక్షరాలకి అర్థం లేదు.

చివరికి ఎ2 షీట్లు. మధ్యలో దాదాపు అంతా ఖనిజమే. ప్లాస్టిక్ అతుక్కోవడానికి సరిపడా చిటికెడు. కర్రల పేర్పు భగ్గుమంది. షీటు నల్లబడింది. వంకరపోయింది. పెచ్చు లేచింది. మంట మాత్రం నెత్తికెక్కలేదు. రాతి ఉన్నితో పాసైంది. నురగతో కూడా పాసైంది.

అదే మందం. అదే రంగు. రోడ్డు మీద నిలబడి చూస్తే అదే మెరుపు.

2018 డిసెంబర్‌లో ఇంగ్లండ్ చట్టం మార్చింది. పద్దెనిమిది మీటర్లు దాటిన కొత్త నివాస భవనాల బయటి గోడలకి మండే సరుకు వాడకూడదు.

* * *

2019 ఫిబ్రవరి. మెల్‌బోర్న్ మళ్లీ. లక్రాస్ ఫ్లాట్ల యజమానులు బిల్డర్ మీద వేసిన కేసులో తీర్పు రాబోతోంది.

ఫిబ్రవరి 4 పొద్దున్నే ఊరు సైరన్లకి లేచింది. స్పెన్సర్ స్ట్రీట్‌లో నియో200 అనే నలభై ఒక్క అంతస్తుల భవనం. ఇరవై రెండో అంతస్తు బాల్కనీలో మంట. గోడెక్కి ఇరవై ఏడు దాకా పోయింది. ఆ గోడలకి కూడా కొన్నిచోట్ల ఆ రకం షీట్లే. అదృష్టం ఇంకోసారి కాపాడింది, ఎవరి ప్రాణమూ పోలేదు.

ఫిబ్రవరి 28. విక్టోరియా సివిల్ అండ్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్. న్యాయమూర్తి టెడ్ వుడ్‌వర్డ్ తీర్పు చదివారు. యజమానులకి 57 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు దక్కాలి. కట్టిన బిల్డర్ ఇవ్వాలి. ఆ భారంలో ఎక్కువ భాగాన్ని సలహాలిచ్చిన నిపుణులు మోయాలి. ఎవరి వంతు ఎంత?

భద్రత చూడాల్సిన ఫైర్ ఇంజనీరింగ్ సంస్థకి నూటికి 39. పర్మిట్ ఇచ్చిన బిల్డింగ్ సర్వేయర్‌కి 33. ప్లాను గీసిన ఆర్కిటెక్టుకి 25.

సిగరెట్ కాల్చినవాడికి 3.

నాలుగేళ్లుగా ఊరంతా తిట్టింది ఆ సిగరెట్‌నే. న్యాయమూర్తి తూచితే నూటికి మూడొచ్చింది. మిగిలిన తొంభై ఏడూ, షీటు కోర్ ఏమిటని అడగాల్సిన బాధ్యత ఉండీ అడగని బల్లల దగ్గరికి పోయాయి. ఒకరు రెండోవాళ్లు చూశారనుకున్నారు. రెండోవాళ్లు మూడోవాళ్లు చూశారనుకున్నారు. అందరి సంతకాలూ ఉన్నాయి.

ఆ జూలైలో విక్టోరియా ప్రభుత్వం 60 కోట్ల డాలర్లు తీసి పక్కన పెట్టింది. ప్రమాదకరమైన షీట్లున్న బిల్డింగుల నుంచి వాటిని ఊడబీకడానికి. అంటించేటప్పుడు అడుగుకి ఇంతని మిగిలిన డబ్బు, పీకేటప్పుడు జనం సొమ్ములోంచి పోయింది.

2024 సెప్టెంబర్ 4న గ్రెన్‌ఫెల్ విచారణ చివరి నివేదిక వచ్చింది. ఏడేళ్లు విచారించిన సర్ మార్టిన్ మూర్-బిక్ మాట సూటిగా ఉంది. ఆ మరణాలన్నీ తప్పించగలిగినవే.

* * *

కూకట్‌పల్లిలోనో బెంజ్ సర్కిల్లోనో ఒక మిట్టమధ్యాహ్నం. కొత్త ఆస్పత్రి ముందు సర్వీ కర్రలు కట్టి ఉన్నాయి. నేల మీద షీట్లు పరిచి కటింగ్ మిషన్‌తో గాడి తీస్తున్నారు. నల్లటి పొట్టు గాలికి ఎగురుతోంది. ఎండకి రేకు తళతళలాడుతోంది. ఓనరు కారు దిగి, రంగుల కేటలాగు చేతిలో పెట్టుకుని అడుగుతున్నాడు.

"రంగు ఎన్నాళ్లుంటుంది?"

"పదేళ్లు గ్యారంటీ సార్. చుక్క వెలవదు."

"అడుగుకి ఎంత పడుద్ది?"

రేటు చెబుతాడు. బేరం సాగుతుంది. కుదురుతుంది. అడ్వాన్సు చేతులు మారుతుంది. ఇంకో ప్రశ్న ఒకటుంది. ఆ పూట అది రాదు.

పొట్టు చూసి కచ్చితంగా పోల్చలేం. బయటి నుంచి అన్ని రకాలూ కంటికి ఒకలాగే ఉంటాయి. అందుకే కాగితం అడగాలి. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎలివేషన్ మార్పిస్తుంటే, మీ పిల్లాడి కాలేజీ భవనానికి తొడుగు వేస్తుంటే, మీ అమ్మగారిని చేర్పించిన ఆస్పత్రి కొత్త బ్లాకు కడుతుంటే, బేరం కుదిరే ముందే నోరు తెరిచి అడగండి. ఈ షీటు మధ్యలో ఏముంది? ఎ2 అయితే, ఏ ల్యాబు ఇచ్చిన సర్టిఫికెట్టు? దాని మీదున్న బ్యాచి నంబరు సైటుకి దిగిన షీట్ల వెనక ఉందా? గోడకీ షీటుకీ మధ్య ప్రతి అంతస్తు దగ్గరా అడ్డుకట్ట కడుతున్నారా, కడితే బిగించక ముందు ఫొటో తీశారా? బిగించాక అది ఎవరికీ కనపడదు. ఇప్పటికే షీట్లు తొడిగేసిన బిల్డింగైతే బాల్కనీలో వస్తువులు తీసేయండి, షీట్ల పక్కన వెల్డింగు చేయనీయకండి, స్ప్రింక్లర్ గొట్టాల్లో నీళ్లున్నాయో లేదో ఈ వారమే చూపించమనండి.

జవాబు నోటిమాటగా వద్దు. బిల్లు మీద, ఆ మూడు మిల్లీమీటర్ల పేరు రాయించుకుని సంతకం పెట్టించుకోండి.